పెప్పర్ స్ప్రే కొన్న తరువాత చేయవలసిన పని

ప్రశ్న: నేను విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. నా వయసు 26. మాది గుంటూరు దగ్గర పల్లె, ఇక్కడ హాస్టల్లో ఉంటున్నాను. రెండో షిఫ్టు ఉన్న వారాల్లో రాత్రి పదిన్నరకు బస్సు దిగి పది నిమిషాలు నడవాలి. అందులో సగం దూరం ఒక కల్యాణ మండపం ప్రహరీ పక్కగా, వీధి దీపాలు వెలగని రోడ్డు. పోయిన నెలలో రెండుసార్లు ఒకే వ్యక్తి బైకు మీద నా వెనకే నెమ్మదిగా వచ్చి, వద్దన్నా వినకుండా, “ఎక్కు, దింపుతాను” అన్నాడు. ఇంట్లో చెబితే నాన్నగారు ఉద్యోగం మానేసి వచ్చేయమంటున్నారు. తమ్ముడు ఆన్‌లైన్లో పెప్పర్ స్ప్రే, షాక్ కొట్టే టార్చి కొని పంపాడు. అమ్మ కారప్పొడి పొట్లం చాలంటోంది. కాలేజీలో రెండు రోజుల ఆత్మరక్షణ శిక్షణ ఇచ్చారు గానీ ఇప్పుడేమీ గుర్తులేదు. వీటిలో నిజంగా పనికొచ్చేది ఏది? వాడితే కేసు నా మీదికే తిరుగుతుందా?

జవాబు: అమ్మా, ముందు సూటిగా జవాబు చెప్పి, తరువాత కారణాలు వివరిస్తాను. పెప్పర్ స్ప్రేను ఉంచుకోండి. షాక్ టార్చిని నమ్ముకుని నడవకండి. కారప్పొడిని వంటింట్లోనే ఉండనివ్వండి. రెండు రోజుల శిక్షణ మరచిపోయినందుకు మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోవలసిన పని లేదు, అలా నేర్చుకున్నది ఎవరికైనా అంతే మిగులుతుంది. అయితే స్ప్రే కొన్నందువల్లే రక్షణ కుదిరిందని మాత్రం అనుకోవద్దు. అది మీకు ఇవ్వగలిగేది కొన్ని సెకన్ల వ్యవధి. భయంతో గుండె దడదడలాడుతున్నప్పుడు కూడా ఆ సెకన్లను వాడుకోగలిగేటట్టు చేతికీ కాలికీ గొంతుకీ ముందుగా అలవాటు చేసి ఉండాలి. ఇరవై ఏళ్లుగా ఆడపిల్లలకు ఈ విద్య నేర్పుతూ, డబ్బా కొన్నవాళ్లను వందల మందిని చూశాను. దానిని ఒక్కసారైనా నొక్కి చూసినవాళ్లు చాలా కొద్దిమంది.

షాక్ టార్చి ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. దాని ప్రకటనలో లక్షల వోల్టులని రాసి ఉంటుంది. వోల్టుల అంకెను బట్టి అది ఎదుటి మనిషిని ఎంత ఆపగలదో తెలియదు. కొన్ని దేశాల పోలీసులు వాడే టేజర్ అనే సాధనం తీగలు కట్టిన రెండు ముళ్లను దూరం నుంచి వదులుతుంది. అవి ఒంటి మీద ఎడంగా గుచ్చుకోవడం వల్ల మధ్యలో ఉన్న పెద్ద కండరాలు బిగుసుకుపోయి మనిషి కూలబడతాడు. మీ టార్చి కొసన ఉన్న రెండు లోహపు మొనలు మాత్రం పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, అది తగిలిన చోట నొప్పి పుడుతుంది గానీ ఒళ్లు స్వాధీనం తప్పదు. ఆ నొప్పి పుట్టించడానికైనా బట్టల మీదుగా ఒంటికి ఆనించి కొన్ని సెకన్లు అదిమి పట్టాలి. ఎవరికి దూరంగా పోవాలనుకుంటున్నారో అతని చేతికి అందేంత దగ్గరకు మీరే వెళ్లవలసిన సాధనం అది. అతని బలం మీకన్నా ఎక్కువైతే టార్చి ఎవరి చేతికి పోతుందో ఆలోచించండి.

అమ్మగారి సలహాను తేలికగా తీసుకోవద్దు. సిటీ బస్సులో పిన్నీసు చేత్తో పట్టుకుని నిలబడ్డ తరం ఆమెది. ఆ పిన్నీసు పనిచేసిందంటే అది అప్పటికే వేళ్ల మధ్య ఉండబట్టే. ఆ సూక్ష్మం మీరు ఆమె దగ్గర నేర్చుకోవలసిందే. కారప్పొడి అలా కాదు. పొట్లం విప్పాలి, గుప్పిట్లోకి తీసుకోవాలి, గాలి వాలు చూసి విసరాలి. నాలుగడుగుల దూరం పోయేసరికి పొడి చెదిరిపోతుంది, ఎదురుగాలి ఉంటే మీ కళ్లలోనే పడుతుంది.

ఇక పెప్పర్ స్ప్రే. అందులో ఉండేది మన మిరపకాయ కారానికి మూలమైన క్యాప్సైసిన్, నూనెలాంటి సారం రూపంలో. కాలుతున్న వస్తువు తగిలితే మెదడుకు కబురు పంపే నరాల తలుపులనే ఈ పదార్థం తెరుస్తుంది కాబట్టి శరీరం నిజంగానే కాలినట్టు స్పందిస్తుంది. ఆ తలుపును క్యాప్సైసిన్ సాయంతోనే కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కిన సంగతి ల్యాబు మనిషిగా మీరు వినే ఉంటారు. ముఖానికి సరిగా తగిలితే కళ్లు వాటంతట అవే మూసుకుపోతాయి, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, మంట అరగంటకు పైగా ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డు పక్కగా వెళ్లినప్పుడు వచ్చే తుమ్ములు మీకు తెలిసినవే, దీని ఘాటు దానికి ఎన్నో రెట్లు. కానీ తగిలిన క్షణంలోనే మనిషి పడిపోడు. ఒకటి రెండు సెకన్లు, కొందరిలో ఇంకా ఎక్కువసేపు, అతను కళ్లు మూసుకునైనా ముందుకు రాగలడు. బాగా తాగి ఉన్నవాడి మీద ప్రభావం తక్కువగా ఉండవచ్చు. హెల్మెట్ అద్దం దించుకుని ఉంటే కళ్లకు చేరనే చేరదు. మీ వెనక వచ్చేవాడు బైకు మనిషి కాబట్టి ఈ చివరి మాట మీకు ముఖ్యం. అద్దం దించి ఉన్నప్పుడు స్ప్రే మీద ఆశ పెట్టుకోకుండా, అతని బండి ఏ వైపు తిరిగి ఉందో దానికి ఎదురు దిశలో, వెలుతురూ మనుషులూ ఉన్న చోటికి పరుగెత్తాలి. అతను బండి తిప్పుకునేలోపు మీకు చాలా దూరం కలిసివస్తుంది.

డబ్బా మీద రాసినవాటిలో చూడవలసినవి కొన్ని ఉన్నాయి. కారం ఘాటును కొలిచే స్కోవిల్ యూనిట్లు లక్షల్లో ఉన్నాయని పెద్ద అక్షరాలతో వేస్తారు. అది చాలాసార్లు పలచన చేయకముందు సారానికి ఉన్న ఘాటు. డబ్బాలోని మొత్తం ద్రవంలో కారపు పదార్థం ఎంత శాతమన్నదే అసలు లెక్క, అమెరికాలో అమ్మే వ్యక్తిగత డబ్బాల మీద అది సుమారు 0.18 నుంచి 1.33 శాతం వరకు కనిపిస్తుంది. పొగలా విరజిమ్మే రకం కన్నా సన్నటి ధారగా పడే రకం ఆరుబయట నడిచేవారికి మేలు, ఎదురుగాలికి వెనక్కి తిరిగివచ్చే ప్రమాదం అందులో తక్కువ. గడువు తేదీ చూడండి. లోపలి మందు చెడకపోయినా, దాన్ని బయటికి నెట్టే వాయువు కాలక్రమంలో కారిపోతుంది. మే నెల ఎండలో స్కూటీ డిక్కీలోనో కారులోనో వదిలేయకండి, ఒత్తిడితో నింపిన డబ్బాకు అంత వేడి పనికిరాదు. విమాన ప్రయాణంలో చేతిసంచిలోనే కాదు, లగేజీలో కూడా పెట్టనివ్వరు. హైదరాబాదు మెట్రోలో మాత్రం మహిళలు వెంట తీసుకువెళ్లడానికి 2019 డిసెంబరులో అనుమతించారు.

మూసిన చోట దీన్ని వాడితే ఏమవుతుందో మన రెండు రాష్ట్రాల వాళ్లం టీవీల్లో చూశాం. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు సందర్భంగా అప్పటి విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ లోక్‌సభలో పెప్పర్ స్ప్రే చల్లినప్పుడు, ఆ గొడవతో సంబంధం లేని సభ్యులు కూడా దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తారు, కొందరిని ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అంత పెద్ద సభామందిరంలోనే అలా జరిగితే లిఫ్టులోనో ఆటోలోనో మీకూ తగిలి తీరుతుంది. అక్కడ వేరే దారి లేనప్పుడే నొక్కాలి, నొక్కిన వెంటనే బయటపడాలి. ఆస్తమా ఉన్నవాళ్లయితే ఇంకా జాగ్రత్త. పొరపాటున మీకే తగిలితే రుద్దకండి. గాలిలోకి వచ్చి, కాంటాక్టు లెన్సులు ఉంటే తీసేసి, చల్లటి నీళ్ల ధార కింద కళ్లు ఆర్పుతూ ఉండండి. ముఖాన్ని సబ్బుతోనో పిల్లల షాంపూతోనో కడగండి. కారం నూనె స్వభావం కలది కాబట్టి ఉత్త నీళ్లకు త్వరగా వదలదు. క్రీములు, నూనెలు రాయకూడదు.

ఇక సాధన గురించి చెప్పాలి. ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో చెబుతాను. శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టిన కొత్తలో ఒక రాత్రి రైలు దిగి ఇంటికి నడుస్తుంటే ఒక మనిషి వెంటపడ్డాడు. నా దగ్గర స్ప్రే ఉంది, దాని వాడకం ఆ ఉదయమే పాతికమందికి చెప్పి వచ్చాను. హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెడితే తాళాలు తగిలాయి, గొడుగు తగిలింది, టిఫిన్ డబ్బా మూత తగిలింది, స్ప్రే మాత్రం తగలలేదు. అతను నాకు పది అడుగుల దూరంలోకి వచ్చేశాడు. ఒక మందుల దుకాణం ఇంకా తెరిచి ఉండబట్టి లోపలికి వెళ్లిపోయాను. ఇంటికి వెళ్లాక సంచి బోర్లించి చూస్తే డబ్బా అడుగున చున్నీలో చుట్టుకుని ఉంది. ఆ మర్నాటి నుంచి నా పాఠం మారింది.

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లో ఒక లెక్క ప్రచురించాడు: పరుగున మీదికి వచ్చే మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. సంచి జిప్పు తీయడానికే అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. అందుకని బస్సు దిగకముందే డబ్బా మీ చేతిలో ఉండాలి. గుప్పిట బిగించి, మీట మీద బొటనవేలు పెట్టి పట్టుకోండి. చూపుడువేలితో నొక్కితే ఒక్క తోపుకే పట్టు జారిపోతుంది. సేఫ్టీ మూత ఎటు తిప్పితే తెరుచుకుంటుందో చీకట్లో తడిమి తెలుసుకోగలగాలి. రెండో చేతిలో ఫోను చూస్తూ నడవకండి, ఆ చెయ్యి ఖాళీగా ఉంచండి.

మొదటి వారం సేఫ్టీ తీయకుండానే గదిలో సాధన చేయండి. ఖాళీ చెయ్యి ముందుకు చాచి అరచేతితో అడ్డుపెట్టడం, “ఆగు! దగ్గరికి రావద్దు!” అని గట్టిగా అరవడం, డబ్బా ఉన్న చేతిని కంటి ఎత్తుకు తేవడం, పక్కకు రెండడుగులు జరగడం, ఈ నాలుగూ ఒకే కదలికగా కలిసిపోవాలి. రోజుకు పది నిమిషాలు చాలు, మానకుండా చేయడమే కావాలి. అరవడం సిగ్గనిపిస్తుంది. గట్టిగా మాట్లాడవద్దని పుట్టినప్పటి నుంచీ చెప్పి పెంచిన మన పిల్లల గొంతు అవసరానికి పైకి రాకపోవడం నేను ప్రతి తరగతిలో చూస్తాను. మొదటిసారి అరిచినప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. హాస్టల్లో స్నేహితురాళ్లను కూడా కలుపుకోండి, నలుగురూ కలిసి అరిస్తే ఆ సిగ్గు తొందరగా పోతుంది.

రెండో వారం అదే రకం డబ్బా ఇంకొకటి కొని, దానిని సాధనకే కేటాయించండి. ఆరుబయట, మనుషులూ పశువులూ లేని చోట, గాలి మీ వీపు వైపు నుంచి వీస్తున్నప్పుడు, అట్టపెట్టె మీద ముఖం గీసి, ఏడెనిమిది అడుగుల నుంచి ఒక చెవి దగ్గర మొదలుపెట్టి రెండో చెవి దాకా కళ్ల మీదుగా ఒక్క సెకను ధార కొట్టండి. ధార ఎంత దూరం పోతుందో, ఎంతసేపు వస్తుందో, గాలికి ఎటు వాలుతుందో అప్పుడే తెలుస్తుంది. చాలామంది అనుకున్నదానికన్నా డబ్బా తొందరగా ఖాళీ అవుతుంది. కొట్టిన తరువాత అక్కడే నిలబడి ఫలితం చూడకూడదు. పక్కకు జరిగి, వెంటనే పరుగెత్తాలి. ఆ పరుగును కూడా సాధనలో కలపండి.

మూడో వారానికి ఒంటిని అలసటకు గురిచేసి చూడండి. హాస్టలు మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగి, ఆయాసం తీరకముందే, దిండు అడ్డుపెట్టుకున్న స్నేహితురాలు మీ మీదికి వేగంగా వస్తుంటే, ఖాళీ డబ్బాతో అదంతా చేయండి. భయంలో చూపు సన్నబడుతుంది, చెవులకు శబ్దం సరిగా అందదు, వేళ్లు మొద్దుబారి చిన్న పనులు చేయలేవు. మెట్ల ఆయాసం భయంతో సమానం కాకపోయినా దానికి దగ్గరి చుట్టం. ఇంకొకటి, ఆపదలో కొందరికి ఒళ్లు కొయ్యబారిపోతుంది. అది పిరికితనమూ కాదు, ఒప్పుకోవడమూ కాదు, శరీరం తనంతట తాను చేసే పని. సాధన వల్ల అది తగ్గుతుంది. తగ్గకపోయినా ఆ నేరం పూర్తిగా అవతలివాడిదే.

తరగతిలో చేరాలనుకుంటే కొన్ని పరీక్షలు పెట్టి ఎంచుకోండి. అవతలి మనిషి నిజంగా పట్టుకుని, నిజంగా విడవకుండా ఉండే సాధన చేయిస్తున్నారా? చుడీదారుతో, భుజాన సంచితో, మసక వెలుతురులో చేయిస్తున్నారా? కింద పడిన తరువాత ఏం చేయాలో చెబుతున్నారా? మాటతో వదిలించుకోవడం, ముందే పసిగట్టి పక్కకు తప్పుకోవడం పాఠంలో ఉన్నాయా? రెండు రోజుల్లో కత్తి లాక్కోవడం నేర్పుతామనేవారి దగ్గరికి వెళ్లకండి. కరాటే మంచి విద్య, ఒళ్లు గట్టిపడుతుంది, కానీ ఎదురుగా ఎవరూ లేకుండా వరుస కదలికలు చేయడంతోనే ఆగితే రోడ్డు మీద అక్కరకు రాదు.

మంచి శిక్షణకు ఫలితం ఉంటుందనడానికి నాకు బాగా నమ్మకమిచ్చిన ఆధారం కెనడా నుంచి వచ్చింది. అక్కడి మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది మొదటి సంవత్సరం విద్యార్థినులపై చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. సగం మందికి మూడేసి గంటల చొప్పున నాలుగు తరగతులు నడిపారు, మిగతావారికి కరపత్రాలు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవారు శిక్షణ పొందినవారిలో 5.2 శాతం, పొందనివారిలో 9.8 శాతం. ఆ తరగతుల్లో దెబ్బలు నేర్పింది కొంత భాగమే. పరిచయస్తుల ప్రవర్తనలో ప్రమాదాన్ని గుర్తించడం, ఏమనుకుంటారోనన్న మొహమాటాన్ని దాటి కాదని చెప్పడం మీద ఎక్కువ సమయం పెట్టారు. మీరు బైకు మనిషి గురించే అడిగారు. పని చోటనో బంధువుల్లోనో ఎవరైనా హద్దు దాటితే అక్కడ స్ప్రే చేతికి రాదు, గొంతే రావాలి.

చట్టం సంగతి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించినవి. మీ మీద చెయ్యి పడేదాకా ఆగవలసిన అవసరం లేదు. అవతలివాడి ప్రయత్నం వల్లనో బెదిరింపు వల్లనో ప్రమాదం వస్తుందని సహేతుకమైన భయం కలిగినప్పుడే హక్కు మొదలవుతుందని, ఆ భయం ఉన్నంతసేపూ కొనసాగుతుందని 40వ సెక్షను చెబుతుంది. అవసరానికి మించి హాని చేయకూడదనీ, పోలీసుల సాయం పొందే సమయం ఉన్నప్పుడు ఈ హక్కు ఉండదనీ 37వ సెక్షను హద్దు పెడుతుంది. అంటే అతను మీదికి వస్తున్నప్పుడు స్ప్రే కొట్టవచ్చు. కళ్లు మూసుకుని కూలబడ్డాక దగ్గరికి వెళ్లి మళ్లీ కొట్టకూడదు, మర్నాడు వెతికి పట్టుకుని కొట్టకూడదు. ఆపదలో చిక్కిన మనిషి ఎంత బలం వాడాలో త్రాసులో తూచినట్టు లెక్కగట్టలేడన్న సంగతిని సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగ్ కేసులో గుర్తించింది, అది మీకు అండ. రెండో వైపు, ఒక ప్రైవేటు వివాదంలో స్ప్రే చల్లినవారి మీద కేసు కొట్టివేయడానికి కర్ణాటక హైకోర్టు 2024లో నిరాకరించింది. ప్రాణానికి తక్షణ ముప్పు లేనప్పుడు వాడారని చెబుతూ దానిని ప్రమాదకర ఆయుధంగా పరిగణించింది. మాటల తగాదాలోనో పార్కింగు గొడవలోనో దీన్ని బయటికి తీయకండి. వాడవలసి వస్తే, సురక్షితమైన చోటికి చేరగానే మీరే ముందుగా 112కు ఫోన్ చేసి జరిగింది చెప్పండి. మొదటి కబురు మీ నుంచి వెళ్లడం మంచిది.

మీరు అడగనిది ఒకటి ఉంది, నిజానికి అదే ఇప్పటికిప్పుడు చేయవలసినది. వద్దని చెప్పిన తరువాత కూడా పదేపదే వెంటపడి పరిచయానికి ప్రయత్నించడం అదే న్యాయ సంహిత 78వ సెక్షను కింద నేరం, మొదటిసారి రుజువైతే మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. రెండుసార్లు వచ్చాడు కాబట్టి తేదీలు, సమయాలు, బండి రంగు, గుర్తున్నంత వరకు నంబరు ఈ రాత్రే కాగితం మీద రాసుకోండి. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. తమ పరిధి కాదంటే, పరిధితో నిమిత్తం లేకుండా ఏ స్టేషనులోనైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని, నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను చెబుతోందని గుర్తుచేయండి. ఆపదలో పోలీసులను పిలవడానికి ఆంధ్రప్రదేశ్‌లో శక్తి యాప్ ఉంది, తెలంగాణలో ఉన్న మీ స్నేహితురాళ్లకు షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు, టీ-సేఫ్ అనే ప్రయాణ భద్రతా సేవ ఉన్నాయి. యాప్ ఎక్కించుకోవడంతో సరిపెట్టకుండా, చీకట్లో చూడకుండా ఎలా నొక్కాలో దాన్నీ సాధన చేయండి. ఆ రోడ్డులో దీపాలు వెలగడం లేదని హాస్టలు వాళ్లందరి సంతకాలతో వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వండి. రెండో షిఫ్టు దిగేవారికి బండి ఏర్పాటు చేయమని ఆసుపత్రి యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి. ఒంటరిగా అడగడం కష్టమైతే అదే షిఫ్టులో ఉన్న నర్సులతో కలిసి అడగండి.

నాన్నగారి భయం నిజమైనది, దానిని కోపంతో తోసిపుచ్చకండి. ఉద్యోగం మానడం దానికి పరిష్కారమని మాత్రం నేను అనుకోను. కష్టపడి నేర్చుకున్న పనిని మీరెందుకు వదులుకోవాలి? ఫిర్యాదు రసీదు ఫోటో తీసి ఆయనకు పంపండి. బస్సు దిగగానే ఫోన్ చేసి, గది తలుపు వేసుకునేదాకా మాట్లాడుతూ నడుస్తానని చెప్పండి, ఇయర్‌ఫోను ఒక్క చెవికే పెట్టుకోండి. వచ్చే సెలవుకు ఊరు వెళ్లినప్పుడు ఆ సాధన డబ్బా తీసుకువెళ్లి, పొలం గట్టు మీద అట్టపెట్టె నిలబెట్టి, ఆయన ఎదుట ఒకసారి చేసి చూపించండి. అరుపుతో సహా.